ఈఆర్‌సీపీ తరువాత క్లోమం వాపు రాకుండా డాక్టరు గారిని ముందుగా ఏమేమి అడగాలి?

గోదావరిగట్టు, కాకినాడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా భార్య వయసు 38 సంవత్సరాలు. మూడు నెలలుగా భోజనం చేసిన గంట, గంటన్నరకు కుడి డొక్క కింద నొప్పి మొదలై వీపు వరకు పాకుతోంది. గ్యాస్ అనుకొని కొన్నాళ్లు బిళ్ళలతో నెట్టుకొచ్చాము. పోయిన నెల స్కానింగ్ చేయిస్తే పిత్తాశయంలో చిన్న చిన్న రాళ్లు చాలా ఉన్నాయన్నారు. ఆ తరువాత ఎమ్మార్సీపీ (పిత్త, క్లోమ నాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) తీయిస్తే, వాటిలో సుమారు 7 మిల్లీమీటర్ల రాయి ఒకటి పిత్తనాళంలోకి జారి అక్కడే ఉండిపోయిందని తేలింది. కామెర్లు లేవు, బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) మామూలుగానే ఉంది. ముందు ఈఆర్‌సీపీ (నోటి గుండా ఎండోస్కోపు అనే కెమెరా గొట్టం దింపి పిత్తనాళంలోకి వెళ్లే ప్రక్రియ) చేసి నాళంలోని రాయి తీస్తామని, ఆ తరువాత ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేస్తామని డాక్టరు గారు చెప్పారు. ఇంకా తొమ్మిది రోజుల గడువుంది.

మా భయానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం నా భార్య అక్కగారికి, అంటే మా వదినకు, ఒక ఆసుపత్రిలో ఇదే ప్రక్రియ చేశారు. స్కానింగులో నాళం కొంచెం ఉబ్బినట్టు కనిపించిందట. రాయి ఉందో లేదో చూద్దామని ఈఆర్‌సీపీ చేశారు, రాయి లేదు. ఆ రాత్రి నుంచే కడుపులో విపరీతమైన నొప్పి, వాంతులు. ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు, అన్నారు. 19 రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది, అందులో 6 రోజులు ఐసీయూలో. ఆవిడ ఇప్పుడు బాగానే ఉన్నారు కాని, అక్క పడిన బాధ దగ్గరుండి చూసిన నా భార్య ఈ ప్రక్రియ పేరు వింటేనే వణికిపోతోంది.

ఇది ఎందుకు వస్తుంది? రాకుండా ముందే చేయగలిగినది ఏమైనా ఉందా, లేక దేవుడి మీద భారం వేయడమేనా? నా భార్యకు గ్యాస్ట్రైటిస్ ఉంది. రోజూ పరగడుపున ఒక పాంటోప్రజోల్ బిళ్ళ వేసుకుంటుంది. వేరే జబ్బులు లేవు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సాగరతీర వైద్యుడు, విశాఖపట్నం

నమస్కారం. నేను జీర్ణకోశ వ్యాధుల వైద్యుణ్ణి, చాలా ఏళ్లుగా ఈఆర్‌సీపీలు చేస్తున్నాను. మీ భార్యను పరీక్షించకుండా ఆమె విషయంలో నిర్ణయం చెప్పడం తగదు. అయితే మీ డాక్టరు గారితో కూర్చొని మాట్లాడేటప్పుడు మీకు ఉపయోగపడే సంగతులు చెప్పగలను. దేవుడి మీద భారం వేసే ముందు మనుషులు చేయవలసినవి చాలానే ఉన్నాయి.

ముందు కారణం. కాలేయం నుంచి వచ్చే పిత్తనాళమూ, క్లోమం నుంచి వచ్చే నాళమూ చిన్నపేగు మొదటి భాగంలో చనుమొన వంటి ఒక చిన్న బొడిపె దగ్గర కలిసి తెరుచుకుంటాయి. ఆ రెండింటికీ వాకిలి దాదాపు ఒకటే, దాని చుట్టూ ఒక కండర వలయం ఉంటుంది. మేము నోటి గుండా ఎండోస్కోపు దింపి, ఆ బొడిపెలోకి సన్నని తీగ ఎక్కించి, పిత్తనాళంలోకి పోవాలని చూస్తాము. వాకిలి ఒకటే కావడం వల్ల తీగ ఒక్కొక్కసారి క్లోమనాళంలోకి పోతుంది. పదే పదే తాకడం వల్ల బొడిపె వాచినా, క్లోమనాళంలోకి డై (ఎక్స్‌రేలో నాళం కనిపించడానికి ఎక్కించే ద్రవం) ఒత్తిడితో వెళ్లినా, ఆ కండర వలయాన్ని కరెంటుతో కోసినప్పుడు ఆ వేడి క్లోమం వైపు తగిలినా క్లోమరసం బయటికి రావడానికి దారి మూసుకుపోతుంది. పేగులోకి వచ్చాక పనిచేయవలసిన ఎంజైములు గ్రంథి లోపలే మేల్కొని, ఆ గ్రంథినే దహించడం మొదలుపెడతాయి. దానినే ప్యాంక్రియాటైటిస్ అంటున్నాము.

ఎంతమందికి వస్తుందన్నది రోగిని బట్టి, చేసే పనిని బట్టి మారుతుంది. నివారణ మందు గాని స్టెంటు (నాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నని గొట్టం) గాని లేకుండా ఈఆర్‌సీపీ చేయించుకున్నవారి లెక్కలను వందకు పైగా అధ్యయనాల నుంచి కలిపి 2015లో ప్రచురించారు. అందులో నూటికి సుమారు 10 మందికి ఈ సమస్య వచ్చింది, ప్రమాదం ఎక్కువగా ఉన్న వర్గంలో నూటికి 15 మంది దాకా. అందులో ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లో తగ్గిపోయే తేలికపాటి వాపే. తీవ్రమైనది కొద్దిమందికే వస్తుంది, కాని వస్తే ఎలా ఉంటుందో మీ వదిన గారి ద్వారా మీకు తెలుసు.

వయసు తక్కువ కావడం, స్త్రీ కావడం, బిలిరుబిన్ మామూలుగా ఉండడం, ఇంతకు ముందు ప్యాంక్రియాటైటిస్ వచ్చి ఉండడం, ఇవి ప్రమాదాన్ని పెంచే రోగి లక్షణాలు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. బాగా కామెర్లు ముదిరిన 70 ఏళ్ల పెద్దాయన కంటే, చూడడానికి ఆరోగ్యంగా ఉన్న 38 ఏళ్ల ఆవిడకే ఈ ప్రమాదం ఎక్కువ. కాబట్టి 'మీరు చిన్నవారు, మీకేమీ కాదు' అని ఎవరైనా ధైర్యం చెబితే, ఆ మాట వెనుక మంచి మనసు ఉండవచ్చు గాని, ఈ ఒక్క విషయంలో లెక్క అందుకు వ్యతిరేకంగా ఉంది.

ఇక నివారణ. నా దృష్టిలో అన్నింటికంటే గట్టి నివారణ అనవసరమైన ఈఆర్‌సీపీ చేయకపోవడం. ఈ ప్రక్రియ 1968లో నాళాలను చూడడానికి మొదలైంది. కండర వలయాన్ని కోసి రాళ్లు తీసే పద్ధతి 1974లో జపాన్, జర్మనీ దేశాల్లో దాదాపు ఒకేసారి వచ్చింది. ఆ రోజుల్లో లోపలి నాళాన్ని చూడడానికి వేరే సులువైన దారి లేదు. ఇప్పుడు ఎమ్మార్సీపీ ఉంది, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఎండోస్కోపు కొనతో లోపలి నుంచి చేసే స్కానింగ్) ఉంది. ఆ రెండూ క్లోమాన్ని ముట్టుకోకుండానే రాయి ఉందో లేదో చెబుతాయి. అందుచేత 'చూద్దాం' అనే పనికి ఈఆర్‌సీపీ వాడకూడదు, 'తీద్దాం' అనే పనికే వాడాలి. మీ వదిన గారి కాగితాలు చూడకుండా అక్కడ జరిగినదానిపై నేను తీర్పు చెప్పను. మీ భార్య విషయంలో మాత్రం ఎమ్మార్సీపీలో రాయి స్పష్టంగా కనిపించింది కాబట్టి తీయడానికి సరైన కారణమే ఉంది. ఒక్క మాట: ఎమ్మార్సీపీ తీసి చాలా రోజులైతే, మధ్యలో రాయి తనంతట తానే పేగులోకి జారిపోయే అవకాశం ఉంటుంది. మళ్లీ నొప్పి రాకుండా, లివర్ పరీక్షలు మామూలుగా మారి ఉంటే, ప్రక్రియకు ముందు అదే మత్తులో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో ఒకసారి సరిచూడడం సాధ్యమేనా అని అడగండి.

రెండవది మందు. డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ 100 మిల్లీగ్రాములు, ప్రక్రియకు కొద్దిసేపటి ముందు, మలద్వారం గుండా పెట్టే సపోజిటరీ రూపంలో. 2003లో గ్లాస్గోలో 220 మందిపై జరిపిన అధ్యయనంలో డైక్లోఫెనాక్ పెట్టినవారిలో నూటికి 6.4 మందికి, పెట్టనివారిలో 15.5 మందికి ప్యాంక్రియాటైటిస్ వచ్చింది. 2012లో అమెరికాలో, ప్రమాదం ఎక్కువగా ఉన్న 602 మందిపై ఇండోమెథాసిన్‌తో జరిపిన అధ్యయనంలో అది 16.9 నుంచి 9.2కు తగ్గింది, కొంత తీవ్రంగా వచ్చేవి కూడా సగానికి తగ్గాయి. 2016లో చైనాలో 2600 మందిపై, అందరికీ ముందే పెట్టడం మేలా, ప్రమాదం ఉందనుకున్నవారికి మాత్రమే తరువాత పెట్టడం మేలా అని పోల్చి చూశారు. అందరికీ ముందే పెట్టిన వర్గంలో నూటికి 4, రెండవ వర్గంలో 8. ఆ తరువాత 2020లో ఐరోపా ఎండోస్కోపీ సంఘం, ఈ మందు పడనివారికి తప్ప, ప్రతి ఒక్కరికీ ప్రక్రియకు ముందే పెట్టాలని సిఫారసు చేసింది. కొద్దిపాటి రూపాయల మందు ఇది. దీన్ని మరచిపోవడం నాకు ఎప్పటికీ మనసుకు పట్టని విషయం.

గ్యాస్ట్రైటిస్ ఉన్నంత మాత్రాన ఒక్క మోతాదు పెట్టకూడదనేమీ లేదు. కాని ప్రస్తుతం మానని అల్సర్ ఉన్నా, మూత్రపిండాల పనితీరు తగ్గినా, నొప్పి మాత్రలు వేసుకుంటే ఆయాసం గాని దద్దుర్లు గాని వచ్చిన చరిత్ర ఉన్నా, గర్భం చివరి నెలల్లో ఉన్నా ఈ మందు వాడరు. కాబట్టి గ్యాస్ట్రైటిస్ సంగతి ముందే చెప్పండి, ఎప్పుడైనా నల్లగా విరేచనం అయిందా అన్నది కూడా చెప్పండి. కండరం కోసిన చోట రక్తస్రావం పెరుగుతుందేమోనని కొందరు భయపడతారు, ఆ పెద్ద అధ్యయనాల్లో అలా పెరిగినట్టు కనిపించలేదు.

మూడవది మా చేతి పని. డై కొట్టి వెతకడం కంటే మెత్తని తీగతో దారి కనుక్కోవడం క్లోమానికి మేలు. బొడిపెను అయిదుసార్ల కంటే ఎక్కువ తాకినా, అయిదు నిమిషాలు దాటినా, తీగ ఒకసారి కంటే ఎక్కువగా క్లోమనాళంలోకి పోయినా దాన్ని కష్టమైన ప్రవేశంగా లెక్కించి పద్ధతి మార్చాలి. మొండిగా అదే పని చేస్తూ పోకూడదు. అలా తీగ పదే పదే క్లోమనాళంలోకే పోతుంటే, అక్కడ ఒక సన్నని ప్లాస్టిక్ స్టెంటు పెట్టి రసం బయటికి రావడానికి దారి ఉంచుతాము. దాని మందం రెండు మిల్లీమీటర్ల లోపే. ఎక్కువ ప్రమాదం ఉన్నవారిలో, ముఖ్యంగా తీవ్రమైన వాపును ఆపడంలో ఇది బాగా పనిచేస్తుంది.

ఓరుగల్లు నర్సు, వరంగల్

డాక్టరు గారు చెప్పిన మందు గురించి ఎండోస్కోపీ గదిలో పనిచేసే మనిషిగా కొన్ని మాటలు చేర్చాలని ఉంది. నేను 14 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను.

ఆ బిళ్ళ ఎందుకు తప్పిపోతుందంటే, అది ఎవరి పని అన్నది తేలకపోవడం వల్ల. వార్డులో పెట్టి పంపుతారని మేము అనుకుంటాము, లోపల పెడతారని వార్డువారు అనుకుంటారు. మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాము: రోగి పేరు, ఎలర్జీలు, రక్తం పలచబరిచే మందులు సరిచూసే కాగితం మీదే 'సపోజిటరీ పెట్టిన సమయం' అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే మత్తు ఇవ్వరు. ఆ గడి వచ్చిన తరువాత మరచిపోవడం అన్నది దాదాపు లేదు.

ఇంకొక పొరపాటు జరుగుతూ ఉంటుంది. సపోజిటరీ అందుబాటులో లేదని అదే డైక్లోఫెనాక్‌ను తుంటికి ఇంజెక్షనుగా ఇచ్చి, అదీ ఇదీ ఒకటేనని అనుకుంటారు. నోటితో మింగినా, ఇంజెక్షను వేసినా ఈ పనికి అంతే ఫలితం ఉంటుందని రుజువు కాలేదని మా సార్లు చెబుతారు. మలద్వారం గుండా పెడితే మందు త్వరగా రక్తంలోకి చేరుతుంది, సమయానికి పనిచేస్తుంది. అలాగే మందుల షాపులో సపోజిటరీ అంటే పిల్లలకు వాడే 12.5 మిల్లీగ్రాములది ఇచ్చేవాళ్లున్నారు. కావలసింది మొత్తం 100 మిల్లీగ్రాములు. వందది ఒకటి గాని, యాభైవి రెండు గాని. ఎండాకాలంలో అవి సంచిలోనే మెత్తబడిపోతాయి కాబట్టి, మీరే కొని తెచ్చేటట్టయితే చల్లని చోట ఉంచండి.

మన ఇళ్లలోని ఆడవాళ్లు ఈ బిళ్ళ అంటే సిగ్గుపడి 'అక్కర్లేదమ్మా' అనేస్తారు. ఎందుకు పెడుతున్నామో ఎవరూ చెప్పరు కాబట్టి అలా అంటారు. మలబద్ధకానికేమో అనుకుంటారు. మీ ఆవిడకు ముందే చెప్పి ఉంచండి, ఇది క్లోమాన్ని కాపాడే మందు అని. కావాలంటే తానే పెట్టుకోవచ్చు, తెర వేసి ఆడ నర్సు పక్కన ఉండి చెబుతుంది. మత్తుకు ముందు రెండు నిమిషాల పని.

ఇందూరు వాసి, నిజామాబాద్

నేను వైద్యుణ్ణి కాను. నాలుగేళ్ల క్రితం నాకు ఈఆర్‌సీపీ తరువాత ప్యాంక్రియాటైటిస్ వచ్చింది. నివారణ గురించి పెద్దలు చెప్పారు. నివారించినా కొందరికి వస్తుంది కాబట్టి, వచ్చినప్పుడు దాన్ని పోల్చుకోవడం గురించి నా అనుభవం చెబుతాను.

నాకు ఉదయం పదకొండింటికి రాయి తీశారు. సాయంత్రం నాలుగింటికి లేచి కూర్చున్నాను, బాగానే ఉందన్నాను, ఇంటికి పంపించేశారు. దారిలోనే పొట్ట పైభాగంలో బరువుగా అనిపించింది. గొంతులోంచి గొట్టం వేశారు కదా, గాలి పట్టి ఉంటుంది, అదే పోతుందిలే అనుకున్నాను. ఇంటికి వెళ్లి ఇడ్లీ తిన్నాను. రాత్రి తొమ్మిదికి నొప్పి రొమ్ము కింద నుంచి సూటిగా వెన్నులోకి దిగింది. వెల్లకిలా పడుకోలేను, ముందుకు వంగి మోకాళ్లు పట్టుకొని కూర్చుంటేనే కాస్త ఉపశమనం. వాంతులు మొదలయ్యాయి. మా తమ్ముడు ఈనో కలిపి ఇచ్చాడు, తరువాత గ్యాస్ ఇంజెక్షను వేయించాడు. ఆసుపత్రికి తిరిగి వెళ్లేసరికి తెల్లవారి ఏడయింది. లైపేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైము) రక్త పరీక్షలో అంకె మామూలు హద్దుకు ఎన్నో రెట్లు దాటి ఉంది. ఎనిమిది రోజులు ఉండవలసి వచ్చింది.

గాలి వల్ల వచ్చే నొప్పి గంట గంటకూ తగ్గుతుంది. ఇది గంట గంటకూ పెరిగింది. ఆ తేడా ఆ రాత్రి నాకెవరైనా చెప్పి ఉంటే పది గంటలు వృథా అయ్యేవి కావు. కాబట్టి మీ ఆవిడను ఆ రోజే ఇంటికి పంపుతామన్నా, ఒక రాత్రి అక్కడే ఉంచమని అడగండి. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో నంబరు రాయించుకోండి.

గోదావరిగట్టు, కాకినాడ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసినవన్నీ నా భార్యకు చదివి వినిపించాను. ఈ రెండు నెలల్లో మొదటిసారి ఆమె ప్రశ్నలు అడిగింది, అంతకు ముందు ఏడుపే.

ఆమె అడగమన్నవి మూడు. బిళ్ళ పెట్టాక మళ్లీ స్టెంటు ఎందుకు, రెండింటిలో ఒకటి చాలదా? సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే క్లోమం వాపు రాదని ఒక బంధువు చెప్పారు, అది నిజమా? స్టెంటు లోపల ఉండిపోతే ఏమవుతుంది?

సాగరతీర వైద్యుడు, విశాఖపట్నం

మొదటి ప్రశ్న మా వైద్యులలో కూడా చాలా కాలం నలిగిన ప్రశ్నే. బిళ్ళ ఒక్కటే చాలునేమో, స్టెంటు శ్రమ తప్పుతుందేమో అన్న ఆశతో అమెరికా, కెనడాలలోని ఆసుపత్రులు కలిసి ప్రమాదం ఎక్కువగా ఉన్న 1950 మందిపై అధ్యయనం చేసి 2024లో ఫలితాలు ప్రకటించాయి. బిళ్ళ ఒక్కటే పెట్టినవారిలో నూటికి 14.9 మందికి, బిళ్ళతో పాటు స్టెంటు కూడా పెట్టినవారిలో 11.3 మందికి ప్యాంక్రియాటైటిస్ వచ్చింది. అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో స్టెంటు స్థానాన్ని బిళ్ళ పూర్తిగా భర్తీ చేయలేకపోయింది. అంతకు ముందు వచ్చిన ఐరోపా మార్గదర్శకాలు రెండింటినీ కలిపి అందరికీ వాడమని చెప్పలేదు. ఈ ఫలితాలు వచ్చిన తరువాత నేను మాత్రం తీగ రెండుసార్లు క్లోమనాళంలోకి పోయిన యువతి విషయంలో స్టెంటు పెట్టకుండా బయటికి రాను. అయితే తీగ ఒక్కసారి కూడా అటు పోకుండా సులువుగా పిత్తనాళంలోకి ఎక్కితే, కేవలం స్టెంటు పెట్టడం కోసం క్లోమనాళాన్ని వెతకడం తప్పు. పెట్టబోయి పెట్టలేకపోతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కనుక మీరు 'స్టెంటు తప్పక పెట్టండి' అని పట్టుబట్టవద్దు. 'అవసరమైతే పెట్టడానికి సన్నని క్లోమ స్టెంటు గదిలో సిద్ధంగా ఉంటుందా, అది పెట్టే అలవాటు ఉన్నవారే చేస్తున్నారా' అని అడగండి. ఈ ప్రశ్నకు నొచ్చుకునే వైద్యుడు ఉండకూడదు.

సెలైన్ విషయంలో మీ బంధువు చెప్పినదానిలో కొంత నిజం ఉంది. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ధారాళంగా ఎక్కిస్తే క్లోమానికి రక్తప్రసారం బాగా ఉండి వాపు తగ్గుతుందని 2014లో 62 మందిపై జరిగిన ఒక చిన్న అధ్యయనం చెప్పింది. ఆ ఫలితం ఎంత బాగుందంటే, ధారాళంగా ఎక్కించిన వర్గంలో ఒక్కరికీ రాలేదు. చిన్న అధ్యయనాలను ఎందుకు ఆచితూచి చదవాలో ఆ తరువాత తెలిసింది. నెదర్లాండ్స్‌లో 826 మందిపై, అందరికీ సపోజిటరీ పెట్టి, సగం మందికి అదనంగా సెలైన్ ఎక్కించి చూస్తే 2021లో వచ్చిన ఫలితం నూటికి 8, 9. తేడా లేనట్టే. కాబట్టి బిళ్ళ పెట్టగలిగినవారికి సెలైన్ వరదలా ఎక్కించనక్కరలేదు. బిళ్ళ పడనివారికి, గుండె, మూత్రపిండాలు బాగుంటే, అది మంచి ప్రత్యామ్నాయం. మామూలు మోతాదులో రింగర్ లాక్టేట్ మేము ఎలాగూ ఎక్కిస్తాము.

మూడవ ప్రశ్న అడిగినందుకు మీ భార్యను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను, ఎందుకంటే చాలామంది అడగరు. ఆ సన్నని క్లోమ స్టెంటు ఎక్కువమందిలో కొద్ది రోజుల్లో దానంతట అదే జారి మలంతో పోతుంది. 5 నుంచి 10 రోజుల మధ్య పొట్ట ఎక్స్‌రే ఒకటి తీయాలి. ఇంకా కనిపిస్తే ఎండోస్కోపుతో తీసేయాలి. నెలల తరబడి అక్కడే ఉంటే అదే క్లోమనాళాన్ని గాయపరిచి, కాపాడవలసినదే హాని చేస్తుంది. ఇక్కడ ఒక గందరగోళం జరుగుతుంది. పిత్తనాళంలో పెట్టే స్టెంటు వేరు. అది కొంచెం లావుగా ఉంటుంది, దాన్ని సుమారు మూడు నెలల్లోపు తీయడమో మార్చడమో చేయాలి. డిశ్చార్జి కాగితంలో 'స్టెంటు పెట్టాము' అని మాత్రమే ఉంటే ఏ నాళంలో పెట్టారో, ఎప్పుడు తీయాలో రాయించుకోండి. నొప్పి లేదు కదా అని తిరిగి రాకుండా, రెండేళ్ల తరువాత మూసుకుపోయిన స్టెంటుతో, చలిజ్వరంతో వచ్చినవారిని నేను చూశాను. పొలం పనులు, పిల్లల పెళ్లిళ్లు, దూరాభారం, ఎవరి కారణం వారికి ఉంది. వారిని తప్పుపట్టలేము. తేదీ స్పష్టంగా రాసి ఇవ్వని మా తప్పూ అందులో ఉంది.

మరొక మాట. నిజామాబాద్ వారు చెప్పినది బంగారం లాంటి సలహా. ప్రక్రియ అయ్యాక రెండు నుంచి ఆరు గంటల మధ్య నొప్పి ఉంటే అమైలేజ్ (ఇదీ క్లోమం ఎంజైమే) గాని లైపేజ్ గాని చూడాలి. లైపేజ్ మామూలు హద్దుకు నాలుగు రెట్ల లోపు ఉంటే ప్యాంక్రియాటైటిస్ అవకాశం చాలా తక్కువని భరోసాగా ఇంటికి పంపవచ్చు. నొప్పి లేకుండా అంకె ఒక్కటే పెరిగితే దాన్ని జబ్బుగా లెక్కించరు, అది చూసి కంగారు పడవద్దు.

కొండవీటి శస్త్రవైద్యుడు, గుంటూరు

ఒక్క విషయం మాత్రం చేరుస్తాను. పిత్తాశయం, నాళంలో రాయి రెండూ ఉన్న రోగికి ఈఆర్‌సీపీ ఒక్కటే దారి కాదు. అనుభవం ఉన్నచోట ల్యాప్రోస్కోపీలో (పొట్ట మీద చిన్న రంధ్రాల గుండా) పిత్తాశయం తీసే ఆపరేషనులోనే నాళంలోని రాయిని కూడా తీస్తారు. అప్పుడు ఆ బొడిపెను బయటి నుంచి వెతకవలసిన అవసరమే ఉండదు. మరికొన్ని చోట్ల శస్త్రవైద్యుడు పై నుంచి, పిత్తాశయ నాళం గుండా తీగను పేగులోకి దింపితే, ఎండోస్కోపీ వైద్యుడు ఆ తీగను పట్టుకొని సూటిగా పిత్తనాళంలోకి ఎక్కుతాడు. తీగ క్లోమం వైపు పోయే వీలు లేకపోవడం వల్ల ఇందులో ప్యాంక్రియాటైటిస్ తక్కువ. ఈ రెండింటికీ ఇద్దరు వైద్యులూ ఒకేచోట, ఒకే సమయంలో కుదరాలి. అది అన్ని ఊళ్లలో సాధ్యపడదు. మీ ఊళ్లో లేకపోతే దాని కోసం ఆలస్యం చేయవద్దు. నాళంలో ఉన్న రాయి తానే ప్యాంక్రియాటైటిస్ తేగలదు, చీము పట్టించగలదు. ఈఆర్‌సీపీ అయిన తరువాత పిత్తాశయం ఆపరేషన్ మాత్రం నెలల తరబడి వాయిదా వేయకండి. వీలైతే అదే అడ్మిషన్‌లో, లేదా రెండు వారాల్లోపు చేయించండి. రాళ్ల సంచి లోపల ఉన్నంతకాలం ఇంకొక రాయి జారవచ్చు.

గోదావరిగట్టు, కాకినాడ

పెద్దలకు నమస్కారం. ప్రక్రియ జరిగి నేటికి పన్నెండు రోజులు. ఇక్కడ చదివి వెళ్లినవారికి పనికివస్తుందని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు రోజు డాక్టరు గారిని కలిసి మేము రాసుకున్న ప్రశ్నలు అడిగాము. ఆయన నొచ్చుకోలేదు, కుర్చీ దగ్గరికి లాక్కొని బొమ్మ గీసి మరీ చెప్పారు. గ్యాస్ట్రైటిస్ సంగతి విని, ఇంతకు ముందు చేసిన ఎండోస్కోపీ కాగితం చూసి, అల్సర్ లేదు కాబట్టి డైక్లోఫెనాక్ పెట్టవచ్చన్నారు. ఆ రోజు ఉదయం వార్డులో సపోజిటరీ గురించి ఎవరూ ఎత్తలేదు. నా భార్యే నర్సమ్మను అడిగింది, అప్పుడు తెప్పించి పెట్టారు. ఎత్తి చూపినందుకు నర్సమ్మ మంచిదమ్మా అన్నారే తప్ప విసుక్కోలేదు. వరంగల్ సోదరి గారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పమని నా భార్య అంటోంది.

లోపల తీగ రెండుసార్లు క్లోమనాళంలోకి పోయిందట. అందువల్ల సన్నని స్టెంటు పెట్టి, ఆ తరువాత పిత్తనాళంలోకి ఎక్కి రాయి తీశారు. సాయంత్రం కొంచెం నొప్పి అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నాలుగు గంటలకు లైపేజ్ చూస్తే మామూలు హద్దుకు రెండున్నర రెట్లు ఉంది. ఆ రాత్రి అక్కడే ఉంచారు. గంట గంటకూ తగ్గుతోందా పెరుగుతోందా అని నేను కాగితం మీద రాస్తూ కూర్చున్నాను. రెండింటికి నిద్రపోయింది. తెల్లవారి ఇడ్లీ అడిగింది.

ఎనిమిదవ రోజు ఎక్స్‌రేలో స్టెంటు ఇంకా అక్కడే కనిపించింది. పదవ రోజు ఎండోస్కోపుతో తీశారు, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పిత్తాశయం ఆపరేషన్ వచ్చే మంగళవారానికి ఇచ్చారు. మా వదిన గారు నిన్న వచ్చి ఈ కాగితాలన్నీ చదువుకొని, తన పాత డిశ్చార్జి కాగితంలో ఏ మందు పెట్టారో, పెట్టలేదో చూడమని నన్ను అడిగారు. వెతికాను. అందులో ఆ వరుస లేదు.